స్విండన్ కారం, ఈస్ట్ హామ్ పిండి

రెండు మరలు కొనాల్సిన చోట ఒకటే కొన్నాను. అదీ అమ్మినవాడితో బేరమాడి యాభై పౌండ్లు తగ్గించి మరీ కొన్నాను. పిండి మరవాడి కొడుకుని. మిరపకాయలు ఆడించిన మరలో బియ్యం పోయకూడదని పలక పట్టకముందే తెలుసు. అయినా ఈస్ట్ హామ్‌లో ఒకే మరతో రెండూ అమ్మిన మొనగాణ్ని నేనే. పోయిన వారం నా బియ్యప్పిండితో చేసిన జంతికలు తిని పిల్లలు ఏడ్చారట. పిండి ఆర్డర్లు సగం ఆగిపోయాయి. మిగతా సగం కూడా పోతే కొట్టు మూసుకోవడమే.

అందుకే మంగళవారం పొద్దున స్విండన్ బయలుదేరాను. అక్కడ కారం ఆడించి ఊరూరికీ పోస్టులో అమ్మే లక్ష్మీదేవి గారు నాకు పోటీ. లండన్ ట్యూబు రైల్లో పాడింగ్టన్ స్టేషన్ చేరేసరికి తొమ్మిది. రద్దీ వేళ దాటితే టికెట్ చవకని ఆగాను. ఆగినందుకు నాలుగు పౌండ్ల టీ తాగాను.

రెడింగ్ దాటాక తెనాలి బజారు గుర్తొచ్చింది. మా మర పిండికి, ఎదురుగా వీరయ్యగారిది కారానికి. ఇద్దరూ రోడ్డుకి చెరోపక్క నిలబడి తిట్టుకునేవారు. మిరపకాయలు తెచ్చినవాళ్లని మాత్రం నాన్న అటే పంపేవాడు, బియ్యం డబ్బాలు ఇటొచ్చేవి. అక్కడ మర తిరిగితే ఇక్కడ నాన్న తుమ్మి, "వాడికివాళ గిరాకీ బాగుందిరా" అనేవాడు, సంతోషంగానే.

పదకొండున్నరకి బస్సు దిగి ఆమె గ్యారేజీకి వెళ్లాను.

"ఏంనా, ఇంత దూరం వస్తివి? నీ జంతికల ఘాటు ఈడిదాకా వచ్చిందిలే" అందామె ప్రొద్దుటూరు యాసలో.

తెనాలి కథంతా చెప్పి, కారం ఆర్డర్లు ఆమెకి, పిండి ఆర్డర్లు నాకు అన్నాను. పంపినందుకు కొంచెం కమీషన్ కూడా అడిగాను.

"మీ నాయన ఎదురు మరాయన దగ్గర తీసుకుంటాండెనా?"

"లేదు."

"మరి నన్నెందుకు అడుగుతాండావు? పిండి అడిగినోళ్లను నేనూ ఊరికే తిప్పి పంపుతాండా. రెండో మరకి ఈడ చోటు లేదు. పిండోళ్లు నీకు, కారమోళ్లు నాకు, నడిమధ్య పైసా లేదు. ముందు నీ మరకి రాళ్లు మార్పించు. అంతవరకూ ఒక్కరినీ పంపను."

"ఘాటు పోయేలా ఉప్పు పోసి తిప్పితే చాలదా అమ్మా?"

"మరవాని కొడుకువేనా నువ్వు?"

ఒప్పుకున్నాను. రాగిసంగటి పెట్టింది.

మూడున్నర రైల్లో పక్కనున్న పెద్దావిడ అదేపనిగా తుమ్మి, పుప్పొడి పడదని నాకే సారీ చెప్పింది. నా కాళ్ల దగ్గర సంచిలో లక్ష్మీదేవి గారి కారం ఉంది. నేనూ తుమ్మాను. నాన్నలాగే, సంతోషంగానే తుమ్మాను.

లెక్క: రైలు యాభై ఆరు, ట్యూబు ఏడు, బస్సులు ఆరు, టీ నాలుగు. బేరమాడనివ్వకుండా ఆమె అమ్మిన కారం పద్దెనిమిది. కొత్త రాళ్లు రెండు వందల పది. మొత్తం మూడు వందల ఒకటి. మర బేరంలో మిగుల్చుకున్న యాభై తీసేస్తే, నా తెలివి ఖరీదు రెండు వందల యాభై ఒక్క పౌండ్లు. సంగటికి ఆమె బిల్లు వేయలేదు.