కాజాలావిడ చేతుల మీద పొక్కులు

మా వదినంత మంచి మనిషి వీధిలో లేదని అప్పట్లో అందరూ అనేవాళ్లు. సరిహద్దు అవతల యుద్ధంలో ఇళ్లు కాలిపోయి మూడు వందలమంది మా ఊరికి వచ్చి, మూతబడిన నూలు గోదాములో దిగినప్పుడు దుప్పట్లు పట్టుకుని మొదట వెళ్లింది ఆమే. మా అన్నయ్య లారీ షెడ్డులో మెకానిక్కు. వదిన ఇంటి ముందుగదిలో రెండు మిషన్లు పెట్టుకుని బట్టలు కుట్టేది. నేను బడిలో గుమాస్తాను. పెళ్లి చేసుకోలేదు, వాళ్లతోనే ఉండేదాన్ని. అందుకని జరిగిందంతా నా కళ్లముందే జరిగింది. కొంత నా చేతి మీదుగా కూడా.

దుప్పటి అందుకున్నవాళ్లలో ఒకామె వదిన చేతులు పట్టుకుని ఏడ్చింది. భర్త దారిలోనే పోయాడట. వెంట నడవలేని అత్త ఉంది. వదిన ఇంటికొచ్చి ఆ సంగతి మాకు మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి అన్నయ్య అన్నం తింటుంటే, "నన్ను దేవతని అంది, తెలుసా?" అంది.

ఆమెకు కుట్టుపని వచ్చని తెలిసి వదినే రెండో మిషను దగ్గర కూర్చోబెట్టింది. చొక్కాలకు కాజాలు చేత్తో కుట్టడంలో ఆమెకు ఆమే సాటి. ఒక్క పోగు బయటికి కనిపించేది కాదు. పేరేమిటని వీధిలో ఎవరూ అడగలేదు. కాజాలావిడ అన్నారు, అదే స్థిరపడిపోయింది. ఇస్త్రీ కూడా ఆమెకే అప్పగించారు. మా బొగ్గుల ఇస్త్రీపెట్టెకు మూత కొక్కెం వదులు. ఎత్తినప్పుడల్లా నిప్పులు రాలి ఆమె చేతుల మీద బొబ్బలు లేచేవి. "బాగుచేయిస్తాలే," అని వదిన అంటూనే ఉండేది.

మూడు నెలలకు కాజాలావిడ ఏడవడం మానేసింది. అన్నయ్య కూతురు, మా మేనకోడలికి కుట్లు నేర్పుతూ కబుర్లు చెప్పేది. ముందుగదిలోంచి వాళ్లిద్దరి నవ్వూ వినిపిస్తే వదిన వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యేలా పెట్టేది.

"ఇల్లూ వాకిలీ పోయిన మనిషి అంత నవ్వుతుందేంటి?" అని ఒకరోజు నన్నడిగింది.

"ఏడుస్తూనే ఉండాలా వదినా?"

"ఉండాలని కాదు," అంది.

ఆ వారమే బ్యాంకు మేనేజరు భార్య జాకెట్టు గుడ్డ తెచ్చింది. వదిన టేపు తీస్తుంటే, "ఏమీ అనుకోకమ్మా, ఆవిడ చేత కుట్టించు. నువ్వు కుడితే చంకల్లో పట్టేస్తోంది," అంది. వదిన నవ్వుతూనే కొలతలు రాసుకుంది. ఆవిడ వెళ్లాక ఆ గుడ్డను రెండో మిషను మీదికి విసిరేసింది.

మర్నాడు గుమ్మంలో పాలు పోయించుకుంటూ పాలావిడతో మెల్లగా అంది. "చెప్పకూడదు గానీ, కాజాలావిడ చేతుల మీద పొక్కులు చూశావా? గోదాములో అందరికీ ఉన్నాయట."

బొబ్బలు అనలేదు. పొక్కులు అంది. నేను పక్కనే తల దువ్వుకుంటున్నాను.

వారం తిరక్కముందే కొళాయి దగ్గర గోదామువాళ్ల బిందెలు పక్కకు నెట్టేశారు. బడిలో వాళ్ల పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టారు. కాజాలావిడను పనిలోకి రావద్దని వదిన కబురు పెట్టింది. ఆసుపత్రి కాంపౌండరు గోదాముకు వెళ్లి అందర్నీ చూసి, ఏ జబ్బూ లేదన్నాడు. "ఇవాళ లేదు సరే, రేపు రాదని రాసిస్తావా?" అని మిల్లు మేస్త్రీ నిలదీశాడు. అతను సైకిలెక్కి వెళ్లిపోయాడు.

వాళ్లను ఖాళీ చేయించమని అర్జీ పెట్టాలనుకున్నారు. నా దస్తూరీ బాగుంటుందని నాచేతే రాయించారు. 'అంటువ్యాధి' అన్న మాట దగ్గర నా కలం ఆగింది. "ఏం, అక్షరం మర్చిపోయావా?" అంది వదిన. రాసేశాను. మొదటి సంతకం ఆమెది, రెండోది నాది.

ఆఫీసరు విచారణకు వచ్చేరోజు పొద్దున్నే కాజాలావిడ మా గేటు దగ్గర నిలబడింది. వదిన లోపలికి రమ్మనలేదు.

"అక్కా, ఇవి మీ ఇస్త్రీపెట్టె బొబ్బలని మీకు తెలుసు కదా. ఆ ఒక్క మాట చెప్పండి చాలు. మా అత్త ఇంకో ప్రయాణం తట్టుకోలేదు."

"నాకేం తెలుసు, నేనేమన్నా డాక్టర్నా? కాస్త దూరంగా నిలబడి మాట్లాడు," అంది వదిన.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. అటునుంచే గోదాము వైపు వెళ్లిపోయింది.

"మన పెట్టె వల్లే కదే," అన్నాడు అన్నయ్య చొక్కా వేసుకుంటూ.

"అయితే నువ్వే చెప్పు. రేపట్నుంచి నీ షెడ్డుకు ఎవడొస్తాడో చూద్దాం."

అన్నయ్య చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. అందరం విచారణకు వెళ్లాం. "ఆమె మీ దగ్గరే పని చేసిందట. పొక్కులు చూశారా?" అని ఆఫీసరు అడిగాడు.

"చూశాను సార్. మా పిల్లని దగ్గరికే పోనివ్వలేదు," అంది వదిన.

మేనకోడలు నా పక్కనే ఉంది. నోరు తెరవబోతే నేనే దాని మోచెయ్యి పట్టుకుని నొక్కాను.

నాలుగో రోజు పొద్దున పది గంటలకు లారీలు వచ్చాయి. మనుషుల్ని ఎక్కించాక, జబ్బు అంటుకుని ఉంటుందని దుప్పట్లన్నీ గోదాము ముందు కుప్పపోసి కిరోసిన్ పోసి నిప్పంటించారు. లారీలోంచి వాళ్లు చూస్తూనే ఉన్నారు. అంచు దాటి జారిన ఒక దుప్పటిని వదిన కర్రతో మంటలోకి తోసింది. ఎవరో చప్పట్లు కొడితే ఇంకొందరు కలిశారు.

ఇటుక బట్టీల వెనక బయల్లో వాళ్లను దించారట. వాన పట్టిన రెండో రోజుకే ఆ అత్త పోయింది. పాలావిడ వచ్చి చెప్పింది.

"పెద్దావిడ. ఇక్కడున్నా పోయేదే," అని వదిన కాలరు తిరగేసి కుట్టుకుంటూ పోయింది. నేను బడికి టైమవుతోందని లేచాను.

ఇది జరిగి ఏడేళ్లయింది. వదిన ఆ పొక్కుల కథ చెప్పేటప్పుడు ఇప్పుడు అబద్ధం ఆడటం లేదు, నిజంగానే నమ్ముతోంది. మొన్న కొత్త పోస్టుమాస్టరు భార్యకు కొలతలు తీస్తూ, "చీము కారేదండీ. నా కళ్లారా చూశాను. అయినా మూడు నెలలు కడుపులో పెట్టుకుని చూశా," అంది. గుండీలు కుడుతున్న మేనకోడలు చేతిలోది అక్కడే పడేసి లోపలికి వెళ్లిపోయింది. అది మా ముగ్గురితోనూ సరిగ్గా మాట్లాడి చాలాకాలమైంది.

"చూడండి ఆ పొగరు," అని ఆవిడతో అని, "మనమేమన్నా తప్పు చేశామా, నువ్వు చెప్పు," అంది వదిన నావైపు తిరిగి.

లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.