కారులో మోటార్లు ఎక్కడెక్కడ ఉంటాయంటే

మా అత్తమ్మకు శామీర్‌పేటలో కంటి ఆపరేషన్ అయింది. ఆదివారం పదింటికి ఆమెను మేడ్చల్‌లోని మా ఇంటికి తీసుకురావాలి. కంట్లో దుమ్ము పడితే మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా పాత కారుకేమో వెనక ఎడమ తలుపు అద్దం సగంలో ఆగిపోయింది. మీట నొక్కితే లోపల గుర్రుమంటుంది గానీ పైకి రాదు. ఆ రోడ్డు మీద తిరిగే కంకర టిప్పర్లు తలుచుకుని మా ఆవిడ పరేషాన్ అయింది.

"మెకానిక్‌ను పిలుస్త" అంది.

"ఎందుకు? నేను చదివిన గద" అన్నాను.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా లైబ్రరీలో, ఫ్యాను కింద కుర్చీ దొరికిన రోజుల్లో సంపాదించుకున్నాను. అక్కడ కారు రిపేరు మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటుంది. నాకంటే ముందు ఎవరూ దాన్ని ఇంటికి తీసుకుపోలేదని అట్ట లోపలి చీటీ చెబుతుంది. ఏ మోటారు ఎక్కడుందో తెలియకుండా స్క్రూడ్రైవర్ పట్టొద్దన్నది అందులో మొదటి సూత్రం.

ఆదివారం ఆరింటికే మొదలుపెట్టాను. ముందద్దం కింది ప్లాస్టిక్ పలక విప్పి వైపర్ మోటారు చూశాను. రేడియేటర్ వెనక ఫ్యాను మోటారు కనిపించింది. నీళ్లు చిమ్మే డబ్బా అడుగున బొటనవేలంత మోటారు ఇంకోటి. ఏసీ గాలి మోటారు మాత్రం పుస్తకం చెప్పిన కుడివైపు లేదు. స్టీరింగ్ కింద వెల్లకిలా పడుకుని, తలకాయ పెడల్స్ మధ్య ఇరికించి గంటసేపు వెతికాక, బొమ్మలోని కారుకు స్టీరింగ్ ఎడమవైపు ఉందని గమనించాను.

"తప్పు పుస్తకంది కాదు, వాళ్ల దేశంది" అని మా ఆవిడకు వివరించాను.

"ఇప్పటికి దొరికినయన్నీ మంచిగనే ఉన్నయ్ గద! పాడైనదాని దిక్కు పోవేంది?"

"దేనికైనా ఒక క్రమం ఉంటది."

"మా అమ్మ కన్నుకు నీ క్రమం తెల్వది. ఎనిమిదిన్నరయింది, జల్దీ కానీ."

తలుపు లోపలి అట్ట లాగితే క్లిప్పులు మూడు విరిగాయి. మోటారు నిక్షేపంగా ఉంది. అద్దం జారే గాడిలో మాత్రం పసుపు బియ్యం, ఎండిన బంతిరెక్కలు. మాది తెల్ల కారు కాబట్టి మా గల్లీలో ఎవరింట్లో లగ్గమైనా కొత్త జంటను అందులోనే ఊరేగిస్తారు. అందరి దీవెనలూ అందాలని జంట పక్కన అద్దం పూర్తిగా దించి పెట్టేవాణ్ణి నేనే. వానకు తడిసి, ఉబ్బి, ఆ అక్షింతలు గాడికి బంకలా పట్టుకున్నాయి. తుప్పు గురించి, ఇసుక గురించి ఒక్కో అధ్యాయం రాసిన పెద్దమనిషి వీటి ఊసే ఎత్తలేదు.

"గిన్ని దీవెనలను ఏ మోటరు మోస్తది?" అంది మా ఆవిడ. పచ్చడి జాడీలోని తొక్కు గరిటె తెచ్చిచ్చింది. గీకాను. కొబ్బరినూనె పూశాను. ఆమె మీట నొక్కుతుంటే నేను రెండు అరచేతులతో అద్దాన్ని పైకి నెట్టాను. చివరిదాకా వెళ్లింది. అట్ట బిగించే టైము లేక అలాగే బయలుదేరాం.

శామీర్‌పేటలో నల్లద్దాలు పెట్టుకున్న అత్తమ్మ వెనక సీట్లో కూర్చుని తలుపు తడిమింది. చేతికి ఇనుము, వైర్లు తగిలాయి.

"ఏంది బిడ్డా, దీనికి గూడ ఆపరేషన్ చేసిండ్రా?"

"పొద్దున్నే అయింది అత్తమ్మా."

"మరి కట్టు గట్టలే?"

అప్పుడు గుర్తొచ్చింది, దుమ్ము అట్ట లేని ఆ తలుపు బొక్కలోంచి కూడా వస్తుందని. ముందు టిప్పర్ పోతోంది. అత్తమ్మ పక్కనే కూర్చున్న మా ఆవిడ తన చున్నీ తీసి బొక్కలో కుక్కి, ఇల్లు చేరేదాకా అరచేత్తో అదిమి పట్టుకుంది.

"గిది ఉందా నీ పుస్తకంల?"

"ఇంకా సగమే చదివిన" అన్నాను.