ఖాళీలో నేను కొట్టిన పేజీ నంబరు

ఉత్తరాదిన ఈ హిందీ ఊళ్ళో, సాక్చి బజారులో నాకో టైపింగు కొట్టు ఉంది. నేను కొట్టిన కాగితం ఒక్కటీ తప్పుందని వెనక్కి రాలేదని కనబడినవాడికల్లా చెప్పుకునేవాణ్ణి. ఆ గొప్పే కొంప ముంచింది.

ఒక రిటైరైన అరబ్బీ మాస్టారు చేతిరాత కాగితాలు తెచ్చారు. ఖురాన్‌లోని మాటలు పట్టుకుని, పరిశోధన చేసేవాళ్ళకు సూత్రాలు ఏరి రాసిన వ్యాసం. ఎవరైనా కబురు తెస్తే నమ్మేముందు విచారించాలి. తెలియనిదాని వెంట పోకూడదు. చెవినీ కంటినీ మనసునూ తీర్పు రోజున జవాబు అడుగుతారు. ఇలాంటివి. సాయంత్రం నాలుగింటికల్లా అది సెమినారుకు వెళ్ళాలి.

చివరి ఫుట్‌నోట్‌లో ఒక పుస్తకం పేరు, పక్కన ‘పేజీ’ అని, ఆ తర్వాత ఖాళీ. ఫోన్ చేస్తే ఆయన నమాజులో ఉన్నారో ఏమో, ఎత్తలేదు. ఊడిన పన్నులా ఉన్న ఆ ఖాళీని చూస్తే నాకు ఒళ్ళు మండింది. నూట పదిహేడు అని కొట్టేశాను. గుండ్రంగా నూరు వేస్తే అనుమానం వస్తుందని! జవాబు అడిగే జాబితాలో వేళ్ళు లేవులే అని కూడా అనుకున్నాను. ఆయన వచ్చేసరికి మూడున్నర. నేను నోరెత్తలేదు. ఆయన పైపైన తిరగేసి బాగుందన్నారు. పంపేశాం.

ఇంటికెళ్ళి నా తెలివి మా ఆవిడకు చెప్పాను.

“ఏటి, సూడని పుస్తకానికి నంబరేసీసినావా? రేపెవుడైనా ఆ పుస్తకం ఇప్పి సూత్తే మాస్టారి పరువేటవుద్ది? పొద్దున్నే ఎల్లి సెప్పీసి రా. అందాకా నీకు చాయ్ లేదు.”

చాయ్ లేకుండానే మాస్టారింటికి వెళ్ళి చెప్పాను. మా మాటలు హిందీలోనే.

“ఆ పుస్తకం నేను చూడలేదు, విన్నానంతే. అందుకే ఖాళీ వదిలాను,” అన్నారాయన.

“జవాబు అడిగేవాటిలో వేళ్ళ సంగతి ఎక్కడా లేదు కదా సార్,” అని నసిగాను.

ఆయన పడీపడీ నవ్వారు. “ఇంకోచోట ఉందయ్యా. ఆ రోజు నోళ్ళు మూతపడతాయి, చేతులే మాట్లాడతాయి.”

నా చేతులు వాటంతటవే జేబుల్లోకి పోయాయి.

కొట్టుకు వచ్చి సెమినారుకు ఉత్తరం చెప్పి రాయించారు. ఆ నంబరు నిజం కాదు, ఆ పుస్తకం తాను చూడలేదు, సరిచూడకుండా పంపిన తప్పు తనదే అని. నా ఊసే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు నాదని రాయండి సార్ అని బతిమాలాను.

“నువ్వు ఎవరూ అడక్కముందే వచ్చి చెప్పావు. అయినా మనిద్దరిలో పండితుణ్ణి నేను కదా,” అన్నారు.

ఆ ఉత్తరం మూడుసార్లు చదివి చూసి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, నాలుగోసారి చదివి, అప్పుడు సంతకం చేశారు.