లైట్ వచ్చాక మొదటి చుట్టు

మా పెద్దబాపు ఇక లేడని మంగళవారం పొద్దున అన్న ఫోన్ చేశాడు. నేను కాలేజీ బస్సులో ఉన్నాను. తిరిగి మా నేతగాళ్ల పేట, దాజీ పేట్‌లో దిగేసరికి మా వీధిలో మరమగ్గాల చప్పుడు లేదు. ఎవరూ అడగకుండానే పక్కిళ్ల వాళ్లు కూడా సాంచెలు ఆపేశారు. ఆయన నిజంగానే పోయాడని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

ఆయన మా నాన్నకు అన్న. ముందు గదిలో సాంచెలు, వెనక గదుల్లో మేమందరం. నేసిన తువ్వాలును మడత పెట్టే ముందు ఒకసారి చెంపకు ఆనించి చూసుకునేవాడు. కొత్త మాట విన్నా అంతే, నోట్లో రెండుసార్లు తిప్పి చూసేవాడు. నేను ఎమ్మెస్సీలో చేరాక సాయంత్రం గడపలో కాలు పెట్టగానే, "ఇయ్యాల ఏం మాట తెచ్చినవ్ బిడ్డా?" అని అడిగేవాడు, కూరగాయల గురించి అడిగినట్టు.

మా పేటలో కరెంటును లైట్ అంటారు. లైట్ పోగానే సాంచె స్విచ్ తీసేయాలి. లేకపోతే నిలువు పోగుల పడుగు మధ్యలో ఆగిపోయిన, అడ్డపోగును మోసే నాడె, లైట్ రాగానే ఒక్క ఊపున కదిలి పోగులు తెంపేస్తుంది. అందుకే పెద్దబాపు లైట్ వచ్చాక చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి, నాడె బయటికి వచ్చాకే స్విచ్ వేసేవాడు. ఒకసారి అన్న స్విచ్ తీయడం మరిచిపోయాడు. లైట్ వచ్చింది, పోగులు తెగాయి. పక్కవాళ్లంతా సాయానికి ఉరికివచ్చి తలా ఒక చెయ్యి పెట్టారు. తెగిన పోగులు మంచి పోగులకు చుట్టుకొని అవి కూడా తెగసాగాయి. పెద్దబాపు అరవలేదు. "ఘాయి చెయ్యకుండ్రి. చేతులు తీయుండ్రి" అని వాళ్ల తొందరను ఆపి, తెగినవాటిని పిడికిట్లో పట్టి పక్కకు ఎత్తాడు. మిగిలిన పడుగు నిలిచింది.

ఆయనకు గుండెపోటు వచ్చినప్పుడు ఆస్పత్రిలో మూసుకుపోయిన నాళాన్ని తెరిచారు. ప్రాణం దక్కింది కానీ గుండెలో కొంత భాగం బలం కోల్పోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చూడవచ్చిన చుట్టాలు, తెరవకుండా ఉంటే బాగుండేదేమో అని వెళ్లేవారు. తెరవమని సంతకం పెట్టింది పెద్దమ్మ. ఆమె ఆయన పక్కన కూర్చొని తినడం మానేసింది. "నేనే పాడు చేసిన" అని నాతో అంది.

కొన్నాళ్లకు ఆ పాఠమే మా క్లాసులో వచ్చింది. రక్తం అందకపోతే గుండె కండరం చచ్చిపోతుంది, కాబట్టి నాళం తెరవక తప్పదు. అయితే తిరిగొచ్చిన రక్తంతో తెల్లకణాలు సాయానికి వస్తాయి. నాళం గోడకు అతుక్కుంటాయి, గోడ దాటి కండరంలోకి వెళ్తాయి, చచ్చినదాన్ని శుభ్రం చేసే తొందరలో బతికున్నదాన్ని కూడా గాయపరుస్తాయి. ఆ అతుక్కోవడాన్ని ఆపితే గాయం తగ్గుతుందని జంతువుల మీద ప్రయోగాల్లో తేలింది. మనుషుల్లో ఆ మేలు ఇంకా అంతగా కనిపించలేదు.

ఆ సాయంత్రం నేను తెచ్చిన మాట 'అతుక్కోవడం'. ఇద్దరి ముందూ కూర్చొని చెప్పాను. పెద్దబాపు చాయ్ కింద పెట్టాడు.

"మరి లైటే రాకుంటే? నాళం తెరవకుంటే?"

కండరం ఇంకా ఎక్కువ పోయేదని, మనిషే దక్కకపోవచ్చని చెప్పాను.

ఆయన పెద్దమ్మ వైపు తిరిగాడు. "విన్నవా? లైట్ తెప్పిచ్చింది నువ్వు. కొన్ని పోగులు తెగినయ్, గంతే. మిగిలిన పడుగు మీదనే గద నీతోని కొట్లాడుతున్న."

"కొట్లాడేటప్పుడు రాని ఆయాసం మెట్లెక్కేటప్పుడే వస్తది నీకు" అంది పెద్దమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. ఆ పూట ఆయన పక్కన కూర్చొని తిన్నది.

తర్వాత ఆయన నన్ను అడిగాడు, ఆ కణాలకు చేతులు తీయమని చెప్పే మందు లేదా అని. ఇంకా దొరకలేదన్నాను. "అయితే నువ్వు ఎతుకు. ఘాయి చెయ్యకు, కానీ ఎతుకు" అన్నాడు. నా ప్రాజెక్టు ఇప్పుడు దాని మీదే. అప్పటి నుంచి పేటలో ఎవరికి ఛాతీ నొప్పి వచ్చిందన్నా, ఆయాసపడుతూనే వెళ్లి, ముందు లైట్ తెప్పించుకోండని ఆస్పత్రికి తరిమేవాడు.

కర్మలన్నీ అయ్యాక సాంచెలు మళ్లీ మొదలైన రోజే లైట్ పోయింది. కాసేపటికి వచ్చింది. వీధంతా ఒక్కసారిగా మోగింది. అన్న చెయ్యి స్విచ్ మీదికి వెళ్తుంటే పెద్దమ్మ లోపలి నుంచి వచ్చి, ఆగమన్నట్టు చూసింది. చక్రం మీద చెయ్యి వేసి మెల్లగా ఒక చుట్టు తిప్పింది. నాడె అవతలి అంచున బయటికి వచ్చింది. ఒక్క పోగు తెగలేదు.

"ఇగ వెయ్" అంది.