పట్టుచీర కట్టుకున్నామె

మొన్న మా మనవరాలు పాత ఫోటోలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఒక్కొక్కదాన్ని సెల్‌ఫోన్‌లో పెద్దది చేసి చూడడం, కింద పేరు రాయడం, పేరు తెలియకపోతే నా ప్రాణం తీయడం. అందరి పేర్లూ చెప్పుకొచ్చాను గానీ ఒక ఫోటో దగ్గర ఆగిపోయాం. పామిడిలో మా అవ్వ వాళ్లింటి ముందు తీసిన ఫోటో; అవ్వంటే అమ్మను కన్న తల్లి. "ఈ చివర్లో నిలబడినామె ఎవరు జేజీ?" అంది. చిన్నప్పటి నుంచి విన్నమాటే చెప్పాను, ఎవరో పక్కింటామె అని. "పక్కింటామెకు మన ఫోటోలో ఏం పని?" అంది.

నాకు రెండేళ్లు కూడా నిండని రోజుల్లో తీసిన ఫోటో అది. వానలు మొహం చాటేసి శెనక్కాయ చెట్లు నిలువునా ఎండిపోయిన ఏడు. అయినా అనంతపురం నుంచి ఫోటో తీసే ఆయన్ను పిలిపించారట. రెండు కుర్చీలు ఎవరింటి నుంచో అడిగి తెచ్చారు. కదలొద్దని ఆయన చెబితే మా తాత ఊపిరి కూడా బిగబట్టాడు; ఆ ఫోటోలో ఆయన కళ్లు ఇప్పటికీ బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. పక్క కుర్చీలో అవ్వ, అవ్వ ఒళ్లో నేను. అందరూ కెమెరా వైపు చూస్తుంటే నేను మాత్రం మెడ పక్కకు తిప్పుకుని ఉన్నాను. కుదురు లేని పిల్ల అని ఇంట్లో నన్ను ఎన్నేళ్లు ఆటపట్టించారో. కుర్చీల వెనక, మధ్యలో, ధర్మవరం పట్టుచీరలో మా అమ్మ. ఇదీ నేను నమ్ముతూ పెరిగిన కథ.

ఆ మరుసటి ఏడే జ్వరమొచ్చి అమ్మ పోయింది. వెనకే తాతా పోయాడు. నాయన బళ్లారి వైపు వెళ్లి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. నేను అవ్వ దగ్గరే మిగిలాను. బడికి వెళ్లే వయసొచ్చాక, మా అమ్మ ఎట్లుంటుందని రోజూ అవ్వను సతాయించేదాన్ని. అవ్వకు అప్పటికే కళ్లకు పొరలు కమ్మాయి, బిడ్డ పోయిన దిగులుతో జ్ఞాపకమూ చెదిరింది. ముఖాలు ఆనేవి కావు. ఫోటోను ముక్కుకు ఆనించుకుని చీర అంచు వెతికేది. "ఇదిగో, ఈమే. నా పెద్దబిడ్డ పెండ్లిచీర అంచు నేను మరిచిపోతానా" అంది. స్టూడియోలో ఆ ఒక్కామెనే పెద్దది చేయించారు. స్టూడియో ఆయన కనుబొమలు దిద్ది, బొట్టు పెట్టి, బుగ్గలు నునుపు చేసి ఇచ్చాడు. అమ్మది, ఆమె చెల్లెలిది ముందే ఒకే పోలిక. ఇక ఎవరు మాత్రం ఆనవాలు పడతారు? గోడకు మేకు కొట్టి పటం తగిలించి, పోయినవాళ్లకు చేసినట్టే కుంకుమ పెట్టి దండ వేశారు. కళ్యాణదుర్గం నుంచి చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, ఎప్పుడు వచ్చినా ఆ పటాన్ని ఒకసారి చూసి మాట్లాడకుండా లోపలికి పోయేది. అక్క మీది బెంగ అనుకునేవాళ్లం. అవ్వ పోయాక పటం నాతోనే వచ్చింది. ఏటా అమ్మ తిథి రోజు కొత్త దండ వేస్తూనే ఉన్నాను.

ఆ పక్కింటామె పేరు చెప్పగలిగేది ఇక చిన్నమ్మే. మనవరాలితో కళ్యాణదుర్గం వెళ్లాను. చిన్నమ్మకు పళ్లు పోయాయి గానీ ఆపరేషన్ అయ్యాక చూపు బాగుంది. ఫోన్ అందుకుని తేరిపార చూసింది.

"పక్కింటామె ఏందమ్మే? ఆమె మీ అమ్మ."

"మరి పట్టుచీర కట్టుకున్నామె?" అన్నాను.

"నేను. నా పెండ్లి మాటలు నడస్తాండె అప్పుడు. మగపిల్లోనోళ్లకు పంపించేకి తీపించిన ఫోటో అది. ఇంట్లో ఉండేది ఒగటే పట్టుచీర, మా అక్కది. ఎవురి ఫోటో పంపించల్లంటే వాళ్లకు కట్టేది. అక్కే నాకు చీర కట్టి, తన నగలు గూడా నాకే పెట్టి, తాను నేతచీరలో ఆ చివరకు పోయి నిలబడింది."

"బతికున్న మనిషికి ఇన్నేళ్లు దండ వేశానే. ఒక్క మాట చెప్పకపోతివే చిన్నమ్మా" అన్నాను.

చిన్నమ్మ నవ్వింది. "చెప్పల్లనే వచ్చినా మొదట. నువ్వు పలక ఎత్తిపట్టుకోని ఆ పటానికి చూపిస్తాంటివి, అమ్మా, అఆలు రాసినా చూడు అని. ఇంగ యాడ చెప్పేది? పిల్లకు అమ్మ దొరికింది, ఉండనీలే అనుకొంటి. దండేస్తే నాకేమైందిప్పుడు? గుండ్రాయి మాదిరి ఉండా గదా."

ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేశాను. బతికుండగా తన పటానికి దండ పడితే ఏ ఇల్లాలు ఓర్చుకుంటుంది? నా కోసం ఓర్చుకుంది.

ఇంటికి రాగానే పటం మీది దండ తీసేశాను. పటాన్ని మాత్రం అక్కడే ఉంచాను. నన్ను పెంచిన అమ్మల్లో ఆమె కూడా ఉందని ఇప్పుడు తెలిసింది. తర్వాత మనవరాలు ఆ పాత ఫోటోను మళ్లీ పెద్దది చేసి నా చేతికిచ్చింది. చివర్లో నేతచీర, సన్నటి ముఖం, మెడలో ఒట్టి పసుపుతాడు. ఎంతసేపు చూశానో. అప్పుడు అవ్వ ఒళ్లో ఉన్న నన్ను చూసుకున్నాను. కుదురు లేక తిప్పిన మెడ కాదు అది. అంత పట్టుచీరను వదిలేసి ఆ పిల్ల చూపు తిన్నగా ఆ నేతచీర మీదే ఉంది. మాటలు కూడా సరిగా రాని వయసులో నాకు తెలిసిన ముఖం, మధ్యలో ఇంత కాలం గడిచి, ఒకరు వేలు పెట్టి చూపిస్తే తప్ప తెలియలేదు.