ఒంటిగిట్ట జిన్ను

దస్తగిర్ ఎవరినైనా ముందు కాళ్లు చూసేవాడు, ఆ తర్వాతే మొహం. నడుము నుంచి మడమ దాకా కళ్లతో ఒకసారి దిగి, మళ్లీ పైకెక్కి, అప్పుడు సలాం చెప్పేవాడు. పేర్లు ఆయనకు గుర్తుండవు, కాళ్ల కొలతలే గుర్తు. "ముప్ఫై రెండున్నర వచ్చిపోయినాడు" అన్నాడంటే పాల వ్యాను డ్రైవర్ వచ్చి వెళ్లాడని అర్థం. బండి మనిషికి సరిపోవాలి గానీ మనిషి బండికి సర్దుకోకూడదన్నది ఆయన సిద్ధాంతం. మెడలో తావీదు, దాని పక్కనే దర్జీలు వాడే టేపు. రెండూ స్నానానికి కూడా తీసేవాడు కాదు.

కడప నుంచి వచ్చి ఒమన్‌లోని బహ్లాలో హమూద్ అర్బాబ్ గ్యారేజీలో మెకానిక్‌గా చేరి పదకొండేళ్లయింది. అర్బాబ్ అంటే అక్కడ యజమాని. ఒకసారి నిజ్వా బస్సులో పోతూ పోతూ లేచి డ్రైవర్ దగ్గరికెళ్లి, నీకు నడుం నొప్పి ఉండాలే అన్నాడు. ఉందన్నాడు డ్రైవర్. అంతే, బస్సు ఆపించి, సంచిలోంచి స్పానర్ తీసి, సీటు రెండంగుళాలు వెనక్కి జరిపేదాకా జనమంతా ఎండలో నిలబడ్డారు. కూతురికి సంబంధం వచ్చిందని ఇంటినుంచి ఉత్తరం వస్తే పిల్లవాడి చదువు అడగలేదు, ఉద్యోగం అడగలేదు, కాలి పొడవెంతో కనుక్కోమని తిరుగు టపాలో రాశాడు. భార్య రషీదున్నీసా మూడు నెలలు జవాబివ్వలేదు.

అలాంటి దస్తగిర్‌ని టేపు లోపల పెట్టుకునేలా చేసిన మగాడు ఒక్కడే, లింబాద్రి.

లింబాద్రిది ఆర్మూరు వైపు. ఒక కంపెనీలో నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. 1989 ఎండాకాలం ట్యాంకర్ మీది మూత బిగిస్తూ జారిపడ్డాడు. విరిగిన ఎడమకాలు అతుక్కుంది గానీ రెండంగుళాలు కురచైంది. క్లచ్ తొక్కాలంటే సీట్లో కిందికి జారాలి, జారితే రోడ్డు కనపడదు. కంపెనీవాళ్లు టేపు పెట్టి కొలిచి, కాగితం మీద రాసుకుని, నెలాఖరుకి ఇంటికి పంపేస్తామన్నారు. అర్బాబ్ జాలిపడి అప్పటిదాకా గ్యారేజీకి కాపలా ఉండమన్నాడు. డ్రైవింగ్ తప్ప లింబాద్రికి ఇంకో పని రాదు. భార్య రజితకు మాటలు రికార్డు చేసి పంపే క్యాసెట్లలో వానల గురించి, బర్రె గురించి అడిగేవాడు గానీ కాలి మాట ఎత్తేవాడు కాదు.

మొదటిరోజే దస్తగిర్ చెయ్యి టేపు మీదికి పోయింది. లింబాద్రి చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"భాయ్, నా కాలికి టేపు వెట్టినోళ్లే నా నౌకరి తీసిన్రు. ఇంకెవడన్న వెడితే నేనేం జేస్తనో నాకే ఎర్కలేదు."

దస్తగిర్ టేపును చొక్కాలోపలికి జారవిడిచాడు. ఆ పూటంతా అన్నం సయించనివాడిలా తిరిగాడు.

అప్పుడు గ్యారేజీలో ఉన్న పెద్దపని ఒక విచిత్రమైన కారు. అర్బాబ్ అల్లుడు దాన్ని ఇంగ్లండు నుంచి డబ్బాల్లో, ముక్కలుగా తెప్పించాడు. తలుపుల్లేవు, రెండే సీట్లు, బొమ్మ కారుకి అన్నలా ఉంటుంది. అల్లుడికి మోజు తీరింది. అర్బాబ్‌కి చూపు తగ్గింది కాబట్టి, దాన్ని బిగించి ఇస్తే సాయంత్రాలు ఖర్జూరతోటలు చుట్టిరావడానికి పనికొస్తుందని, డ్రైవర్ని తర్వాత చూసుకుందామని అన్నాడు. దస్తగిర్ కారు బిగించడం మొదలుపెట్టాడు.

బహ్లా గురించి ఒక మాట చెప్పాలి. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఆ ఊళ్లో చీమ కదలదు. కొట్లు మూసేస్తారు, కోట మట్టిగోడలు తెల్లటి ఎండలో వణుకుతున్నట్టుంటాయి, గాలి సందుల్లో ఎవరో ఊపిరి పీల్చినట్టు తిరుగుతుంది. ఆ ఊరు జిన్నులదని ఒమనీలే చెప్పుకుంటారు. లింబాద్రి నమ్మలేదు. దస్తగిర్ మాత్రం నవ్వకుండా చెప్పాడు: "ఈ ఊర్లో మద్యాన్నం తిరిగేటోళ్లు మనుషులు కాదబ్బీ. నువ్వు చాప ఏసుకుని పండుకో, బండి దగ్గరికి మాత్రం పోవాకు."

మూడోరోజు లింబాద్రి పొద్దున సీటు నాలుగో బోల్టు దగ్గర చూశాడు. మధ్యాహ్నం నిద్ర లేచేసరికి రెండో బోల్టు దగ్గరుంది. ఎవరూ రాలేదు, గేటు తాళం తీయలేదు. మర్నాడు స్టీరింగ్ కిందికి వంగి ఉంది. ఆ మర్నాడు అద్దం తిరిగి ఉంది. అది సరిగ్గా లింబాద్రి కళ్లలోకే చూస్తున్నట్టుంది.

వారం తర్వాత నిద్ర లేచి చూస్తే తన చుట్టూ నేలమీద సుద్దగీతలు. తుంటి దగ్గర ఒకటి, మోకాళ్ల దగ్గర రెండు, మడమల దగ్గర రెండు. ఎడమ మడమ గీత రెండంగుళాలు పైకి ఉంది. శవాన్ని కొలిచి గొయ్యి తవ్వుతారని అతను విన్నాడు. ఆ గీతలు చేత్తో చెరిపి, నీళ్లు పోసి కడిగి, మళ్లీ చెరిపాడు.

ఇంటి ప్రయాణానికి ఇంక నాలుగు రోజులుంది. పోయేలోగా అదేదో తేల్చుకోవాలనిపించింది. కారు చుట్టూ సిమెంటు పొడి పల్చగా చల్లి, డబ్బాల వెనక దాక్కుని, నిద్ర ఆపుకుంటూ కూర్చున్నాడు. ఎంత ఆపుకున్నా కన్ను మూతపడింది. తెరిచేసరికి కారు మీది టార్పాలిన్ కదులుతోంది. లోపల ఏదో ఉబ్బెత్తుగా ఉంది. టార్పాలిన్ అంచు సందులోంచి చూస్తే ఒక పెడల్ నెమ్మదిగా కిందికి పోయింది, మళ్లీ పైకొచ్చింది. టక్. కాసేపాగి, టక్.

నేలమీద జాడలున్నాయి. ఎడమది మనిషి చెప్పు. కుడిది చతురస్రంగా, గిట్టలా ఉంది.

లింబాద్రి ఆ కాలితో అంత జోరుగా ఎలా పరిగెత్తాడో అతనికే తెలియదు. గ్యారేజీ వెనకున్న దస్తగిర్ రూముకి పోయి తలుపు తోస్తే మంచం ఖాళీ. నాలుగింటికి దస్తగిర్ ఒళ్లంతా చెమటతో, లుంగీ నిండా బూడిదరంగు పొడితో వచ్చాడు. జిన్నుకి ఒంటిగిట్ట ఉందని లింబాద్రి చెబుతుంటే, కుడిదా ఎడమదా అని మాత్రం అడిగాడు.

ఆఖరిరోజు అర్బాబ్ కొత్త డ్రైవర్ని వెంటబెట్టుకొచ్చాడు. రాజధానిలోని ఖురంలో పెద్ద ఆఫీసరు కారు నడిపిన ఫజల్, హైదరాబాదీ, ఆరడుగులు. దస్తగిర్ చూడగానే ముప్ఫై నాలుగు అని గొణిగాడు. ఫజల్ సీట్లో కూర్చోగానే మోకాళ్లు స్టీరింగ్‌కి కొట్టుకున్నాయి, తల అద్దం పైకి పోయింది, క్లచ్ తొక్కబోతే కాలు మడత పెట్టాల్సి వచ్చింది. ఈ గాడీ ఎవరి కోసం చేశావు మియా, మరుగుజ్జు కోసమా అని దిగిపోయాడు. అర్బాబ్‌కి కోపమొచ్చింది. నెల రోజుల నుంచి నువ్వు చేసిందేమిటని హిందీలో అరిచాడు. పదకొండేళ్లలో దస్తగిర్ ఆయన నోట ఒక్క మాట పడలేదు. అయినా బెదరలేదు.

"అర్బాబ్, ఇది ఒక్కనికే సరిపోతాది. లైసెన్సు ఉండాది, ట్యాంకర్ నడిపినోడు. లింబాద్రీ, ఎక్కు."

లింబాద్రి వెనక్కి జరిగాడు. అది జిన్ను సీటని, చచ్చినా ఎక్కనని అన్నాడు.

దస్తగిర్ బల్ల కిందినుంచి కుడికాలి చెప్పు ఒకటి లాగాడు. దాని అడుగున రెండంగుళాల చెక్కముక్క, మేకులతో కొట్టి ఉంది.

"ఇదబ్బీ నీ జిన్ను. నువ్వు పండుకుంటే కొల్చినా, మెలకువగా ఉంటే కొడ్తావని. నా కాళ్లు రెండూ నీ ఎడమకాలంతే. కుడికి ఈ చెక్క కట్టుకుంటే నేను నువ్వయిపోతా. నీ మాదిరి కూచ్చొని, నీ మాదిరి తొక్కి చూసినా."

లింబాద్రి ఆ చెక్కని వేలితో తడిమి చూశాడు. ఎక్కి కూర్చున్నాడు. వీపు సీటుకి ఆనింది, రోడ్డంతా కనిపించింది. ఎడమకాలు చాపితే క్లచ్ తానే ఎదురొచ్చినట్టు పాదం కిందికి వచ్చింది. ఇన్ని నెలల తర్వాత అతని రెండు కాళ్లూ సమానమయ్యాయి. అర్బాబ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని తోటలన్నీ చుట్టి, పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకి ఒక్క కుదుపూ లేకుండా తిరిగొచ్చాడు. అర్బాబ్ దిగుతూ ఫజల్‌కి మరో బండి చూస్తానని, ఇది లింబాద్రిదేనని, కంపెనీతో కాగితాలు తాను మాట్లాడుకుంటానని చెప్పాడు.

ఆ వారం రజితకు పంపిన క్యాసెట్లో లింబాద్రి మొదటిసారి కాలి సంగతి చెప్పాడు. చెక్క చెప్పుని నిమ్మకాయ, మిరపకాయల బదులు కారు ముందు వేలాడదీశాడు. ఎవరడిగినా జిన్ను కాలని చెప్పేవాడు. క్యాసెట్ పంపిన సాయంత్రమే గ్యారేజీలో స్టూలు లాక్కుని, ఎడమకాలు దానిమీద చాపి పెట్టాడు.

"ఇగో భాయ్, కొలుసుకో."

"అవసరం లేదబ్బీ, నాకు నోటికొచ్చు" అన్నాడు దస్తగిర్. అంటూనే చొక్కాలోంచి టేపు బయటికి తీశాడు.