డ్రమ్మర్ గొడవ తేల్చుకోవడానికి మిర్యాలగూడ దాకా

ఎన్నో ఏళ్లుగా నేనూ శ్రీధరూ ఒకే మనిషి గురించి కొట్లాడుకుంటున్నాం. ఆయన మాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ప్రపంచమంతా తెలిసిన ఓ విదేశీ రాక్ బ్యాండ్‌లో డ్రమ్ములు వాయించేవాడు. నాకు ఆయన దేవుడు, శ్రీధర్‌కి ఆయన ఒక జోకు. సామాన్లు మోసేవాడు రాని రోజున మిగతా ముగ్గురూ రోడ్డు మీద పోయే ఎవర్నో పిలిచి, సామాను దించాక డ్రమ్ముల ముందు కూర్చోబెట్టారంటాడు. ఫొటోల్లో ఆయన్ని అంచున నిలబెట్టేది ఫ్రేము చాలకపోతే కత్తిరించడానికేనంటాడు. పాటలో ఆయన చేసిందేమైనా ఉంటే చూపించమంటాడు. ఏమీ చేయనట్టు కనపడటమే ఆయన గొప్పతనమని నేనంటాను. ఈలోగా ఇద్దరి ఛాయ్ చల్లారిపోతుంది.

పన్నెండేళ్లు సాగిన ఈ నవ్వులాట కాస్తా 2011లో నా పీకల మీదికొచ్చింది. ఆఫీసులో నలుగురం కలిసి ఒక చిన్న బ్యాండ్ పెట్టుకున్నాం. శ్రీధర్ గిటార్ వాయిస్తూ పాడతాడు, వెనకాల డ్రమ్ములు నావి. ప్రతి పాటలో రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి నావైపు చూసేవాడు. అది మెచ్చుకోలు అనుకుని నేను ఇంకాస్త ఊపుగా వాయించేవాణ్ణి. ఆఫీసు వార్షికోత్సవం వారం ఉందనగా, డ్రమ్ముల బదులు తాళం వాయించే మిషన్ ఒకటి దొరికిందనీ, ఈసారికి దానితో కానిద్దామనీ మెల్లగా చెప్పాడు. "నీ దేవుడే సాక్ష్యం గదరా రఘూ, డ్రమ్ముల కాడ ఎవరు కూసున్నా పాట నడుస్తది" అన్నాడు. నాకు చాలా బాధేసింది. ఆ కుర్చీలో కూర్చునే రెండు గంటల కోసమే వారమంతా ఎదురుచూసే రోజులవి.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. మిర్యాలగూడలో యాదగిరి అనే పెద్దాయన ఉన్నాడు. నలభై ఏళ్లుగా పెళ్లి బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయిస్తున్నాడు, సూర్యాపేటలో శ్రీధర్ వాళ్ల అన్న పెళ్లికి వాయించింది కూడా ఆయనే. ఆ విదేశీ బ్యాండ్ పేరు ఆయన విని ఉండడు కాబట్టి పక్షపాతం ఉండదు. ఆయనకు పాట వినిపించాలి. డ్రమ్మర్ మంచోడంటే కుర్చీ నాది, మామూలోడంటే మిషన్‌ది.

ఆదివారం పొద్దున ఐదున్నరకు హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో సూర్యాపేట బస్సెక్కాం, అక్కడ మిర్యాలగూడ బస్సు పట్టుకోవచ్చని. అప్పట్లో టికెట్ ఎనభై చిల్లర. విజయవాడ రోడ్డు వెడల్పు చేస్తున్న రోజులు కావడంతో, మళ్లింపుల దగ్గర ఆగి ఆగి ఎనిమిదిన్నరకు సూర్యాపేటలో దిగాం. బస్టాండ్ ఎదురుగా బండి మీద వేడి వేడి వడలు తింటూ మళ్లీ మొదలుపెట్టాం. వడలు వేస్తున్న పెద్దామె కాసేపు విని, ఇంతకీ ఆయన మాకేమవుతాడని అడిగింది. ఏమీ కాడన్నాను.

"మరి గింత లొల్లేంది? మీరు కొట్లాడుతున్నట్టు ఆయనకన్న ఎరుకేనా?" అంది. ఇద్దరం ఇంకో ప్లేటు తిన్నాం.

యాదగిరికి ఫోన్ చేస్తే, పొద్దున పెళ్లి కోదాడలో, సాయంత్రం పెళ్లి మిర్యాలగూడలో ఉందనీ, కోదాడ వచ్చేస్తే బ్యాండ్ బండిలోనే తీసుకెళ్తాననీ అన్నాడు. సూర్యాపేట నుంచి కోదాడకు బస్సులకు కొదవలేదు, గంట ప్రయాణం. శ్రావణమాసం కాబట్టి మునగాల దాటాక రోడ్డుకు రెండువైపులా నాట్లు పడుతున్నాయి. ఆ పచ్చదనం చూస్తూ కిటికీ పక్కన కూర్చుంటే నాకు పందెం సంగతే గుర్తు రాలేదు. కోదాడ ఫంక్షన్ హాల్లో పెళ్లి అయిపోయింది, యాదగిరి పంక్తిలో కూర్చుని తింటున్నాడు. మేము పిలవని పేరంటగాళ్లమని సంకోచిస్తుంటే వంటాయన విస్తళ్లు వేసేశాడు. "పెళ్లింటికొచ్చి తినకుండా పోతారటండీ, కూర్చోండి" అన్నాడు. ఆ గోంగూర పప్పు కోసమైనా కోదాడ వెళ్లొచ్చు.

ఒంటిగంటన్నరకు బ్యాండ్ వాళ్ల డీసీఎం వ్యానులో బయల్దేరాం. యాదగిరి సన్నటి మనిషి, ఎర్రకోటు గుండీలు విప్పుకుని డ్రమ్ము ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. శ్రీధర్ ఫోనులో పాట పెట్టాడు. యాదగిరి రెండు నిమిషాలు విని ఆపేయమన్నాడు. "బండ్ల కూసొని ఇంటే తెల్వదు సారు. నడిసి సూడాలె" అన్నాడు నాతో.

హుజూర్‌నగర్‌లో ఛాయ్‌కి ఆగినప్పుడు నిజంగానే నడిచాడు. పక్కన శ్రీధర్ ఫోను పైకెత్తి పట్టుకుని నడుస్తుంటే, పెద్దాయన కళ్లు మూసుకుని హోటల్ ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. ఛాయ్ తాగేవాళ్లంతా గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు.

"మంచోడు సారు. ఎవ్వర్ని ఉరికిస్తలేడు, ఎవ్వర్ని ఆపుతలేడు. ఈయన ఎన్క కండ్లు మూసుకొని నడవొచ్చు" అన్నాడు ఆగి.

శ్రీధర్ నా చేయి పట్టుకుని, కుర్చీ నీదేరా అన్నాడు. నేను బ్యాండ్ వాళ్లందరికీ రెండో ఛాయ్ చెప్పాను. మిర్యాలగూడ చేరేదాకా నా నోటికి తాళం పడలేదు.

మూడున్నరకు మిర్యాలగూడ చేరాం. నాలుగున్నరకు పెళ్లికొడుకు ఊరేగింపు బయల్దేరింది, ఫంక్షన్ హాల్ కిలోమీటరు దూరం. గెలిచిన ఊపులో, ఒక్క పాటకు డ్రమ్ము నాకివ్వమని యాదగిరిని అడిగాను. కాదనకుండా నా మెళ్లో తగిలించాడు. ఇక నాకొచ్చిన విద్యలన్నీ చూపించాను. కుర్రాళ్లు గంతులేశారు, బాకాలవాళ్లు నాతో సమానంగా అందుకున్నారు, నాకైతే నేల మీద కాలు నిలవలేదు. రెండు వందల గజాలు పోయాక వెనక్కి చూస్తే రోడ్డు ఖాళీగా ఉంది. ఎక్కడో వెనక పెళ్లికొడుకు కారు ఆగిపోయింది. దాని పక్కన ఒక దుకాణం మెట్టు మీద పెళ్లికొడుకు నాయనమ్మ మోకాలు పట్టుకుని ఆయాసపడుతోంది, ఆడవాళ్లు కొంగులతో విసురుతున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

యాదగిరి డ్రమ్ము తీసుకుని వెనక్కి నడిచి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె నీళ్లు తాగి, ఊపిరి కుదుటపడి లేచేదాకా ఆగాడు. ఆమె ఒక అడుగు వేసింది, ఆయన ఒక దెబ్బ వేశాడు. ఇంకో అడుగు, ఇంకో దెబ్బ. ఆమె పాదాల వంకే చూస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ వాయించాడు. మెల్లగా కారు కదిలింది, ఆడవాళ్లు కదిలారు, బాకాలు వచ్చి కలిశాయి. హాలు గేటు దగ్గర ఆ ముసలమ్మ నవ్వుతూ ఆయన తలమీద చేయి పెట్టింది.

తర్వాత యాదగిరి చెప్పాడు, బరాత్ ఊరేగింపులో అందరికన్నా ముసలి కాళ్లు ఎవరివో మొదలే చూసుకోవాలట. డ్రమ్ము వంక చూసే పనే లేదట. "పన్నెండేండ్లు ఆయన దిక్కు కొట్లాడినవ్ బిడ్డా. ఇగ జర ఆయన్ని ఇను" అన్నాడు. సారు పోయి బిడ్డ అయ్యానని అప్పుడు గమనించాను. తిట్టినా అంత తగిలేది కాదు.

ఆరింటికి నల్గొండ మీదుగా పోయే హైదరాబాద్ బస్సు దొరికింది. నార్కట్‌పల్లి దాటాక శ్రీధర్‌ని అడిగాను, పాట మధ్యలో నావైపు ఎందుకు తిరుగుతావని.

"ఉరుకుతున్నవ్, జర ఆగు అని" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "దోస్తువి, మొకం మీద ఎట్ల చెప్పాలె? అందుకే ఆ దినం నీ దేవుని మీద పెట్టి జోకేసిన."

మిషనే తెచ్చుకోమన్నాను. ఒప్పుకోలేదు, మాటంటే మాటేనన్నాడు.

అభిమానించడానికీ వినడానికీ ఇంత దూరం ఉంటుందని ఆ రోజు దాకా నాకు తెలియదు. నా దేవుణ్ణి నాకన్నా బాగా విన్నది, ఆయన పేరు కూడా తెలియని మనిషి. శ్రావణంలో ఈ దారిన వెళ్లి పెళ్లి బ్యాండ్ వినాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. ముందు గంతులేసేవాళ్లలో దూరకండి, అందరికన్నా వెనకబడే ముసలివాళ్ల పక్కన నడవండి. మంచి డ్రమ్మర్ ఎవరో అక్కడే తెలుస్తుంది. ఆ శనివారం వార్షికోత్సవంలో ఏడు పాటలు వాయించాం. నేను శ్రీధర్ కాళ్ల వంకే చూస్తూ కూర్చున్నాను. వాడు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.